ఒకే ఏనుగు, రెండు చోట్ల: విజయవాడలో ఒక కొండపల్లి బొమ్మల ప్రదర్శనపై కేస్ స్టడీ

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక కుటుంబం ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. పిల్లలు ఉద్యోగాల మీద తలో ఊరూ వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిన పెద్దావిడ ఆ బొమ్మల పెట్టెను ఊళ్లోని ఒక కాలేజీకి ఇచ్చేశారు. పెట్టెలో చాలావరకు కొండపల్లి బొమ్మలే. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి, రోకళ్లతో వడ్లు దంచుతున్న ఆడవాళ్లు. వాటిని కాలేజీ హాల్లో జనం చూసేలా అమర్చే పని నాకు అప్పగించారు. ఏ వస్తువు ఎంత ఎత్తులో ఉండాలి, దాని మీద ఏ వెలుగు పడాలి, పక్కన కార్డు మీద ఏం రాయాలి అనేవి చూసుకోవడమే నా వృత్తి.

మొదటి సమావేశంలోనే మాట కలవలేదు. అక్కడ చిత్రకళ చెప్పే లెక్చరర్‌గారు, "హస్తకళలు అని ఒక ముద్ర వేసి వీటిని ఇన్నాళ్లూ చిన్నచూపు చూశామండీ. శిల్పాలకిచ్చే మర్యాద వీటికీ ఇవ్వండి. ఒక్కో బొమ్మకీ ఒక స్టాండు, ఒక లైటు," అన్నారు. పెద్దావిడ కూతురు ఫోన్లో, "అమ్మ మీకిచ్చింది బొమ్మలు కాదండీ, కొలువు. మెట్లు లేకపోతే కొలువెలా అవుతుంది?" అన్నారు. ఇద్దరూ ఆ బొమ్మల మీద ఇష్టంతోనే మాట్లాడుతున్నారు. తేడా అంతా ఆ బొమ్మలు ఏ కోవకు చెందుతాయన్న దగ్గరే వచ్చింది.

రెండూ చేద్దామన్నాను. హాల్లో ఎడమవైపు తెల్లబట్ట పరిచిన మెట్లు, కుడివైపు నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు స్టాండ్లు పెట్టాం. ప్రదర్శన సగం గడిచాక ఇటు బొమ్మలు అటు, అటు బొమ్మలు ఇటు మార్చాం. లేకపోతే వచ్చిన తేడా బొమ్మదో, చోటుదో తేలదు. ఇద్దరు విద్యార్థులను నోటుబుక్కులతో నిలబెట్టి, చూసినవాళ్ల నోటివెంట మొదట ఏ మాట వస్తే అది రాసుకోమన్నాను. 'ఎలా ఉంది?' అని అడగవద్దని గట్టిగా చెప్పాను. అడిగితే అందరూ 'బాగుంది' అనే అంటారు.

అంబారీ ఏనుగు సంగతి వివరంగా చెప్పాలి. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి జీను, పైన అంబారీలో రాజు, మెడ మీద మావటి. ఎడమ దంతం సగానికి విరిగి ఉంది. అంబారీ అంచున ఎవరో ఎప్పుడో గోళ్లరంగుతో చిన్న మరమ్మతు చేసినట్టున్నారు, అక్కడి ఎరుపు మిగతా ఎరుపులా లేదు. స్టాండు మీద ఉన్నన్నాళ్లూ నోటుబుక్కులో ఎక్కువగా పడ్డ మాట 'దంతం విరిగిందే' అని. కొందరు విద్యార్థులు ఇంకా ముందుకు వెళ్లారు: కాళ్లు స్తంభాల్లా ఉన్నాయి, రాజుకీ మావటికీ ఒకే ముఖం పెట్టేశాడు, అనాటమీ రాదు. అదే ఏనుగు మూడో మెట్టు మీదికి వచ్చాక కాళ్ల మాట, ముఖాల మాట మాయమయ్యాయి. 'ఊరేగింపు బాగా కుదిరింది.' 'మా అత్తగారింట్లో ఏనుగు దీనికంటే పెద్దది.' ఒకావిడ కింద కూర్చుని, చెయ్యి చాపి, ఏనుగు ముఖాన్ని కొంచెం దశావతారాల వైపు తిప్పి లేచి వెళ్లిపోయారు. అడ్డుకోవాలని నాకు అనిపించలేదు. స్టాండు మీదున్న బొమ్మ మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో అమెరికా తాత్వికుడు కెండల్ వాల్టన్ 1970లో అచ్చయిన ఒక వ్యాసంలో బాగా విప్పి చెప్పాడు. ఒక కళాకృతిలో కొన్ని లక్షణాలు దాని కోవలోని వాటన్నిటికీ ఉండేవే. వాటిని కన్ను దాటేస్తుంది. పాలరాతి విగ్రహాన్ని చూసి 'ఈయన ఇంత తెల్లగా ఉండేవాడా?' అని ఎవరూ అనరు. ఛాతీ దగ్గర ఆగిపోయిన విగ్రహాన్ని చూసి, మనిషిని నరికేశారనీ అనరు. మరికొన్ని లక్షణాలు ఆ కోవలోనే ఒకదానికీ ఇంకొకదానికీ మారతాయి. మన చూపు వాటి మీదే ఉంటుంది, అర్థమూ అక్కడే పుడుతుంది. వాల్టన్ ఒక ఊహ చేస్తాడు. పికాసో వేసిన గెర్నికా అనే యుద్ధ చిత్రంలోని బొమ్మనే ఎత్తుపల్లాలతో, రకరకాల ఉబ్బులతో చేసుకునే సమాజం ఒకటుందనుకోండి. వాళ్లకు ఆ బొమ్మ ఎప్పుడూ ఉండేదే, ఉబ్బులే మారుతుంటాయి. వాళ్ల ముందు మన గెర్నికాను పెడితే అందులో మనకు కనిపించే హింస, విలవిల కనిపించవు. చదునుగా, చల్లగా, ప్రాణం లేనట్టుగా ఉందంటారు. చిత్రంలో ఒక్క గీత కూడా మారలేదు, దాన్ని చూసే కోవ మారిందంతే.

దీన్ని మన ఏనుగు దగ్గరికి తెస్తే: గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, తిన్నటి కాళ్లు, ముదురు రంగులు కొండపల్లి బొమ్మలన్నిటికీ ఉండేవే. చిన్నప్పట్నుంచి కొలువులు చూసినవాళ్లు వాటి దగ్గర ఆగరు. వాళ్ల చూపు మావటి మోచెయ్యి ఎంత వంగింది, అంబారీ ఎంత ఎత్తు, ఏనుగు పక్కన ఏం పెట్టారు అన్న వాటి మీదికి పోతుంది. స్టాండు, దాని మీద పడే ఒంటి లైటు కలిసి చూసేవాళ్లకు 'ఇది శిల్పం' అని చెబుతాయి. శిల్పంలో ముఖం మనిషి మనిషికీ మారాలి, కండరం కనబడాలి. అప్పుడు ఒకే ముఖం అనేది లోపంగా తేలుతుంది. మర్యాద చేద్దామని ఎక్కించిన స్టాండే బొమ్మ విలువ తగ్గించింది.

ఇక్కడ ఎత్తు సంగతి కూడా ఉంది. కొలువును చాప మీద కూర్చుని చూస్తారు. పై మెట్టు మీద దేవుళ్లు తలెత్తితే కనిపిస్తారు, కింది మెట్టు మీద ఊరు మోకాలి దగ్గర ఉంటుంది. ఈ పెట్టెలోని బొమ్మలకు వెనకవైపు రంగు చాలా పల్చగా వేశారు. ముందు నుంచి, కూర్చున్న కంటికి కనిపించాలన్న లెక్కతో చేసినవి అవి. స్టాండు చుట్టూ తిరిగినవాళ్లకు 'వెనక వదిలేశాడు' అనిపించడం సహజం. ఎనామిల్ రంగు మీద స్పాట్‌లైటు పడితే వచ్చే మెరుపు సరేసరి, ఫొటోల్లో ప్లాస్టిక్ బొమ్మలా పడుతుంది.

ప్రదర్శన నడుస్తుండగా కొండపల్లి బొమ్మల కాలనీ నుంచి ఒక పెద్దాయనను పిలిపించాం. ఆయన బొమ్మల ముఖాలు చూడలేదు. ఏనుగును చేతిలోకి తీసుకుని తిరగేసి, కాలు కలిసిన చోట గోరుతో గీసి చూశారు. "ఈ కాలు ఊడితే ఇంట్లోవాళ్లు ఫెవికాల్‌తో అతికారండీ. ఇది మాత్రం మాది," అని రెండో కాలు చూపించారు. తెల్లపొణికి కర్రను బాగా ఆరబెట్టి, తడి పోయేలా వేడి చూపించి, ఒక్కో భాగాన్నీ విడిగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో ఆ భాగాలను అతుకుతారు. ఆ మక్కుతోనే ఒంపులు తీర్చి, ఆకురాయితో నున్నగా చేసి, సుద్ద పూత మీద రంగు వేస్తారు. ఆయన కళ్లకు బొమ్మంటే ఇదంతా. అతుకు ఎక్కడో చూసేవాడికి తెలియకపోతే పనితనం కుదిరినట్టు.

స్టాండు దగ్గరి కార్డు చదివి ఆయన ఆగిపోయారు. మ్యూజియం పద్ధతిలో 'తయారుచేసినవారు: తెలియదు' అని ఉంది. "తెలియదని ఎందుకండీ రాశారు? ఇది ఒకరు చేసేది కాదు కదా. చెక్కేది ఒకరు, అతికేది ఒకరు. మా ఇళ్లల్లో రంగులు ఆడవాళ్లే వేస్తారు. ఎవరి పేరని రాస్తారు?" అన్నారు. కార్డు మీద ఆ గడి ఉండటమే ఒక కోవకు గుర్తు. ఒక కృతికి ఒక కర్త ఉండాలనేది నూనెరంగుల చిత్రాలకు సరిపోయే లెక్క. ఇంటిల్లిపాదీ కలిసి చేసే పనికి అదే గడి పెడితే, ఏమీ పోకపోయినా ఏదో పోయినట్టు చూపిస్తుంది. ఆ గడి తీసేసి, ఏ పని ఎవరు చేస్తారో రెండు వాక్యాల్లో రాయించాను.

కోవ అనేది చూసేవాళ్ల మనసులో మాత్రమే ఉండదు. ఆఫీసుల్లోనూ ఉంటుంది. శిల్పి బ్రాంకూసీ చేసిన కంచు 'పక్షి' 1926లో ఓడలో న్యూయార్క్ చేరినప్పుడు, అది పక్షిలా లేదని కస్టమ్స్‌వాళ్లు దాన్ని వంటింటి సామాను, ఆస్పత్రి సామాను పద్దులో వేసి 40 శాతం సుంకం కట్టమన్నారు. కళాకృతికైతే సుంకం లేదు. కేసు కోర్టుకెక్కింది. ప్రకృతిలోని రూపాలను అనుకరించని కళ కూడా ఒకటి వచ్చిందని ఒప్పుకుంటూ 1928లో జడ్జీలు బ్రాంకూసీ పక్షాన తీర్పు ఇచ్చారు. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల శాఖలో నమోదైన చేతివృత్తుల వాళ్లకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. అది రాకపోయి ఉంటే కొండపల్లి ఏనుగు కూడా ఫ్యాక్టరీ బొమ్మల్లా ల్యాబ్ పరీక్షకు వెళ్లాల్సి వచ్చేది. అక్కడ దాన్ని కాపాడింది 'హస్తకళ' అన్న ముద్రే. లెక్చరర్‌గారు తీసెయ్యమన్నదీ అదే ముద్రను.

మనకు దగ్గర్లోనే అమరావతి ఉంది. అక్కడి స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే భక్తుడికి ఆ పలకలు నడుస్తూ చూసే కథ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అని పిలిచే ఆ స్తూపం దిబ్బలోంచి తీసిన ఆ పలకలు ఇళ్లకూ గుళ్లకూ పనికొచ్చే రాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీకి గీయించి దాచుకోవాల్సిన పురావస్తువులు. ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ, చెన్నై మ్యూజియంలోనూ చూసేవాళ్లకు భారతీయ శిల్పకళలో గొప్ప ఘట్టం. గోడకు వరసగా పెట్టిన ఆ పలకల ముందు నిలబడితే ఒక్కో పలకలోని చెక్కడం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. చుట్టూ తిరిగే మనిషి లేకపోవడం మాత్రం కనిపించదు. నాకు అది నష్టమే అనిపిస్తుంది.

మరి ఎవరికి తోచిన కోవలో వాళ్లు చూసుకోవచ్చా? వాల్టన్ ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. సరైన కోవను తేల్చడానికి అతను నాలుగు సంగతులు చూడమంటాడు. ఆ కృతి లక్షణాల్లో ఎక్కువభాగం ఏ కోవకు మామూలుగా ఉండేవి, ఏ కోవలో చూస్తే అది మెరుగ్గా కనిపిస్తుంది, చేసినవాళ్లు దాన్ని ఎలా చూస్తారని అనుకున్నారు, అది పుట్టిన సమాజంలో ఆ కోవ నిజంగా ఉందా. మా పెట్టెకు మొదటి రెండూ, నాలుగోదీ కొలువు వైపే మొగ్గాయి. మూడోది అంత తేలిగ్గా తేలలేదు. కొండపల్లి పెద్దాయనను అడిగితే, "కొలువుకీ చేస్తాం, తిరనాళ్లకీ చేస్తాం, పిల్లలు ఆడుకోడానికీ చేస్తాం, షోకేసుకీ చేస్తాం," అన్నారు. హాలుకు వచ్చిన బడిపిల్లల పద్ధతి చూస్తే ఆ మాట నిజమే అనిపించింది. వాళ్లు శిల్పమనీ అనలేదు, కొలువనీ అనలేదు. బండి చక్రం తిరుగుతుందా అని అడిగారు.

కొలువు కోవను చూడగలగడం అందరికీ ఒకేలా రాదు. సహృదయుడు ఎవరో కాశ్మీర అలంకారికుడు అభినవగుప్తుడు చెప్పాడు: కావ్యాలను మళ్లీ మళ్లీ చదివిన అభ్యాసంతో మనసనే అద్దం తేటపడ్డవాడు. అభ్యాసం అన్న షరతు నాకు చాలా ముఖ్యం. ఏళ్ల తరబడి మెట్లు కట్టి, ఏ బొమ్మ పక్కన ఏది నప్పుతుందో చూసి, కింద ఆవాలు చల్లి పచ్చటి మొలకలతో తోట పెంచిన ఆ వీధి ఆడవాళ్లు కొలువుకు సహృదయులు. ఏనుగును తిప్పి వెళ్లిన ఆవిడ చేసింది విమర్శే. ఆవిడ ఆ కోవ లోపల నిలబడి 'ఇది సరిగా లేదు' అని చెప్పారు, సరిచేసి చూపించారు. మన పత్రికల్లో కళావిమర్శ అని రాసే చాలావాటి కంటే అది నికార్సయినది.

ఇక్కడిదాకా వచ్చేసరికి అంతా మెట్ల మీదికి మార్చేద్దామన్న నిర్ణయం దాదాపు అయిపోయింది. దానికి అడ్డం పడింది గీత కార్మికుడి బొమ్మ.

అది స్టాండు మీద ఉన్న రోజుల్లో డిగ్రీ చదివే ఒక అబ్బాయి ప్రేక్షకుల పుస్తకంలో పేజీ నిండా రాశాడు. నడుం వెనక్కి వాల్చి, బరువంతా మోకు మీద వేసి, చేతులు పనికోసం ఖాళీ చేసుకున్న మనిషి అని. కింద ఎవరూ లేరు, పడితే పట్టుకునేవాళ్లు లేరు అని. పెద్దావిడ కూతురు అది చదివి, "ఒంటరిగా స్టాండెక్కించారు కాబట్టి అలా అనిపించింది. కొలువులో పెడితే చుట్టూ ఊరుంటుంది," అన్నారు. ఆ అబ్బాయి పక్కనే ఉన్నాడు. "చెట్టు మీద ఎవరైనా ఒంటరేనండీ. మా తాత ఎక్కేవాడు," అన్నాడు. తర్వాత బొమ్మ దగ్గరికి వచ్చి, మోకు ఎంత కిందికి ఉంటే మనిషి అలా వాలగలడో తన నడుం మీద చెయ్యి పెట్టి చూపించాడు. చెక్కినవాళ్లు దాన్ని సరిగ్గానే పట్టుకున్నారని అన్నాడు.

ఆ అబ్బాయి ఇంట్లో కొలువు లేదు. వాళ్ల వీధిలోనూ లేదు. కొలువు పెట్టే ఇళ్లకు పేరంటానికి ఎవరిని పిలిచేవారు, ఎవరిని పిలిచేవారు కాదు అన్నది మనందరికీ తెలిసిందే. కులాన్ని బట్టి పిలుపు ఉండేది. భర్త పోయిన ఆడవాళ్లకు పిలుపు ఉండేది కాదు. మెట్ల వరసలోనూ దేవుళ్లు పైన, కల్లు గీసేవాడు కింద. సమాజంలో ఉన్న కోవ సమాజంలోని హెచ్చుతగ్గులను కూడా మోసుకొస్తుంది. వాల్టన్ చెప్పిన నాలుగింటిలో దీన్ని పట్టుకునేది ఏదీ లేదు. ఆ అబ్బాయిదీ అభ్యాసమే. అది కొలువుది కాదు, చెట్టుది. ఆ అభ్యాసానికి మెట్ల మీద చోటు లేదు, స్టాండు మీద దొరికింది.

చివరికి అమరిక ఇలా స్థిరపడింది. ప్రధానంగా కొలువు మెట్లే. ముందు చాపలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పొట్టి పీటలు. స్పాట్‌లైట్లు తీసేసి రెండు పక్కల నుంచీ మెత్తటి వెలుగు. మెట్ల మీద బొమ్మ బొమ్మకీ కార్డు లేదు. ముందు మొత్తం వరసను చూడమని చెప్పే ఒక్క బోర్డు ఉంది. గీత కార్మికుడినీ, వడ్లు దంచే ఆడవాళ్లనూ పక్కన మోకాలెత్తు బల్ల మీద విడిగా పెట్టాం. అక్కడ కార్డు ఆ అబ్బాయి రాసిందే, నేను తిరగరాయలేదు. కూతురికి ఇది నచ్చలేదు, కొలువు చీల్చారన్నారు. ఆ అభ్యంతరాన్ని కూడా ఆవిడ మాటల్లోనే బల్ల పక్కన పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు.

ఏనుగు దంతం దగ్గర లెక్చరర్‌గారికీ నాకూ గట్టిగానే వాదన నడిచింది. పాత వస్తువును ముట్టుకోకూడదన్నది ఆయన మాట, మ్యూజియం ధర్మం ప్రకారం అది సబబే. కొలువులో విరిగిన బొమ్మ పెట్టరు, పెట్టేముందు బాగుచేయిస్తారు. కొలువుగా చూపించాలని నిర్ణయించాక బొమ్మను కొలువు పద్ధతిలోనే చూసుకోవాలన్నాను. కొండపల్లి పెద్దాయన మక్కుతోనే కొత్త దంతం చేశారు. విరిగినప్పటి ఫొటోలు ఫైల్లో ఉన్నాయి. గోళ్లరంగు మరమ్మతును మాత్రం ముగ్గురం ఒకే మాటగా వదిలేశాం.

మిగిలింది స్టాక్ రిజిస్టరు. కాలేజీకి వచ్చిన ఏ వస్తువైనా ఏదో ఒక పద్దు కింద ఎక్కాలి, ఆడిటర్ చూస్తారు. గుమాస్తాగారు బొమ్మలను మొదట 'బోధనోపకరణాలు' కింద రాశారు. ఆ పద్దులో ఉన్నవాటిని పాతబడ్డాక కొట్టివేసి వేలం వేయవచ్చు. మ్యాపులు, మైక్రోస్కోపులు అలాగే పోతాయి. కొలువు అనే పద్దు ఏ రిజిస్టరులోనూ లేదు. 'విరాళంగా వచ్చిన కళాఖండాలు' అని కొత్త పద్దు తెరిపించడానికి లెక్చరర్‌గారూ నేనూ కలిసే వెళ్లాం. ఆయన మొదటి రోజు నుంచీ అంటున్న మాటనే ఆ రోజు ప్రిన్సిపాల్‌గారి గదిలో నేనూ అన్నాను: ఇవి కళాఖండాలు, పాతబడ్డ కొద్దీ విలువ పెరిగేవి, వీటిని కొట్టివేయకూడదు. హాల్లో కూర్చుని చూసేవాళ్ల ముందు ఆ మాటకు పెద్దగా పని లేదు, ఆడిటర్ ముందు మాత్రం అది ఉండి తీరాలి. పద్దు మారింది. ఒక్కో బొమ్మకీ నంబరు ఇచ్చారు, ఆ నంబర్లను బొమ్మల అడుగున, రంగు లేని చోట పెన్సిల్‌తో రాయించాం.